బావ ముందు నోరు విప్పని మనిషి

ఏమోయ్,

ఇల్లూ నేనూ క్షేమం. కుళాయి ఒక్కటే జలుబు చేసినదానిలా కారుతోంది. బాగుచేయించమని నువ్వు చెప్పి వెళ్ళిన సంగతి గుర్తుంది; ఆ చప్పుడు కూడా లేకపోతే ఇంట్లో రెండో ప్రాణి లేనట్టుంటుందని ఊరుకున్నాను. ఫోన్లో మాట్లాడుకుందామంటే, పక్కగదిలో మీ అన్నయ్య నిద్ర చెడుతుందని నువ్వు గుసగుసలాడతావు. నా చెవి గుసగుసలని ఖాతరు చెయ్యడం మానేసి చాలాకాలమైంది. కాబట్టి ఉత్తరాలే. పెళ్ళయిన కొత్తలో రాసుకోవలసినవి ఇప్పుడు రాసుకుంటున్నాం.

నీ ఉత్తరానికి జవాబు చెప్పేముందు ఒక సంగతి. ముందు ఒక సంగతి చెప్పకుండా అసలు సంగతి చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. గ్రంథాలయం మేడమీద సాయంకాలాలు పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నారు. చేరాను. ఈ వయసులో ఎందుకని అడగకు. నేను నేర్చుకున్నవన్నీ అట్టలు ఊడిన పుస్తకాల్లోంచీ, అద్దాలకి చుట్టిన పాత పేపర్లలోంచీ నేర్చుకున్నవే. ఇంగ్లీషు ఒక్కటీ ఏం పాపం చేసిందని వదిలెయ్యను? పంతులమ్మ చిన్నపిల్ల. తాతగారూ అంటుంది గాని, తప్పు రాస్తే తాతగారని చూడదు.

నిన్న ఆ పిల్ల బోర్డు మీద మూడు మాటలు రాసింది. గెట్. బ్యాక్. ఎట్. విడివిడిగా చూస్తే మూడూ సాధుజంతువులు. మూడూ పక్కపక్కన కూచుంటే మాత్రం, మనకి ఎవరో ఏదో చేశారు, దానికి మనం తిరిగి చేశాం అని అర్థమట. ఒక్కొక్కడుగా వస్తే దణ్ణం పెట్టే పిల్లలు ముగ్గురూ కలిసి వస్తే ఎవరింటిదో కిటికీ అద్దం పగిలినట్టు.

"అంటే పగ తీర్చుకోవడమా అమ్మా?" అని అడిగాను.

"పగ అంత పెద్దది అక్కర్లేదు తాతగారూ. మీ చెల్లెలు మీ పెన్ను దాచిందనుకోండి. మీరు వెళ్ళి తన చెప్పు దాచారు. దానికీ ఇదే మాట."

నాకు వింతగా తోచింది. మనకి పగ అంటే పాముది. చెప్పు దాస్తే అల్లరి. ఈ రెంటికీ నడుమ ఉక్రోషం, కసి, అలక, దెప్పిపొడుపు, మూతిముడుపు, ఎన్ని మెట్లు. వాళ్ళు అన్ని మెట్లూ ఒకే మాట పట్టుకుని ఎక్కేస్తారు కాబోలు.

"కాకపోతే ఎవరి మీద అన్నది చెప్పి తీరాలి. మనిషి లేకపోతే ఆ వాక్యం నిలబడదు. రేపు అందరూ ఒక్కో వాక్యం రాసుకు రండి, మీ జీవితంలోంచి. నిజమైనది," అంది.

రాసుకు వెళ్ళాను. మీ అన్నయ్య మీద రాశాను.

ఇప్పుడు నీ ఉత్తరం. పక్షవాతం వచ్చిన బావకి కాలూ చెయ్యీ కొంచెం కదులుతున్నాయని, మాట మాత్రం రావడం లేదని రాశావు. మాటల డాక్టరమ్మ వచ్చి చూసి, ఈ కొద్ది నెలలే ముఖ్యం, ఇప్పుడు పలికించకపోతే ఆ తర్వాత కష్టం అందని రాశావు. ఎవరో ఒకరు రోజంతా పక్కన కూచుని కబుర్లు చెప్పాలి, ఆగాలి, జవాబు కోసం చూడాలి. ఆయన కోడలికి ఉద్యోగం. నీకేమో రెండు మాటలయ్యేసరికి ఏడుపు వస్తోంది. "మన రెండు కుటుంబాల్లో రోజంతా మాట్లాడగల మనిషి మీరొక్కరేనండీ. గోడని నిలబెట్టి కథ చెబుతారు. ఒక్కసారి రండి," అని రాశావు.

రాను.

ఎందుకో చెబుతాను. ఇన్నేళ్ళూ చెప్పలేదు. మా అన్నయ్య ముందు మీరెంత మర్యాదగా ఉంటారండీ, పల్లెత్తు మాట అనరు అని నువ్వు పదిమందిలో మురిసిపోతుంటే, ఆ మురిపెం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. అది మర్యాద కాదోయ్.

మా అద్దాల కొట్టులో వెండి నీళ్ళ బల్ల నీకు గుర్తుందిగా. తళతళా కడిగిన గాజుపలకని దాని మీద పరిచి, ఒకవైపు నుంచి వెండి నీళ్ళు పోస్తాం. ముందు ఏమీ ఉండదు. తర్వాత పలక మీద పల్చటి గోధుమరంగు పొగలాంటిది కదులుతుంది. ఆ పొగలోంచి మెల్లగా, ఎవరో నిద్రలేస్తున్నట్టు, పైకప్పు కనిపిస్తుంది, దూలం కనిపిస్తుంది, వంగి చూస్తున్న మన ముక్కు కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అది పని అనిపించేది కాదు, కల అనిపించేది. ఆ బల్ల దగ్గర మాట నిషేధం. కడిగిన గాజు మీద నోటి ఆవిరి పడిందా, అక్కడ వెండి పట్టదు, మబ్బుమచ్చ ఉండిపోతుంది. అందుకని బావా నేనూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. అన్నిటికీ సైగలు ఉండేవి. నాలాంటి వాగుడుకాయకి అదొక తపస్సు. చేశాను. బల్ల దిగాక రెట్టింపు వాగేవాణ్ణి.

నాట్యం నేర్పే హాలుకి గోడంత అద్దం చేసిన రోజు, దాని నడిమధ్య మచ్చ పడింది. చిన్నపిల్ల ముఖమంత మచ్చ. హాలు యజమాని వచ్చి చూసి, "ఇదేమిటి, నా పిల్లలు మబ్బులో ఆడాలా?" అన్నాడు. బావ తల తిప్పకుండా అన్నాడు: "మా బావమరిది నోటి ఆవిరండీ. ఒక్క క్షణం నోరు మూసుకోలేడు." కొట్టులో అందరూ నవ్వారు. నాకు ఆవిరాయన అని పేరు పెట్టారు. సాయంత్రం బావ నాతో విడిగా అన్నాడు, "ఇకమీదట నా ముందు నోరు విప్పకు," అని.

ఆ రోజు నేను మాట్లాడలేదోయ్. దగ్గలేదు కూడా.

సరే అనుకున్నాను. విప్పకన్నాడు కదా, విప్పను. కొట్టులో, ఇంట్లో, పెళ్ళిలో, చావులో, ఆయన ముందు ఒక్క మాట మాట్లాడలేదు. గుమ్మం అవతల ఊరందర్నీ నవ్వించి గుమ్మం ఇవతలికి రాగానే తాళం. నేను చెప్పే కథలు ఆయనకి ప్రాణమని నాకు తెలుసు. గోడ పక్కన నిలబడి వినడం చూశాను. చూసి, కథ అక్కడితో ఆపేసేవాణ్ణి. అదీ నా కసి. ఇప్పుడు ఆ మనిషి పక్కన కూచుని పొద్దస్తమానం మాట్లాడమంటున్నావు. నోరు మూయించినవాడి నోరు తెరిపించడానికి.

నా వాక్యం చదివి పంతులమ్మ అంది, "తాతగారూ, వాక్యం కరెక్టే. కాని మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే అది పగలా లేదు, అలకలా ఉంది."

ఆ పిల్లకి ఏం తెలుసు. కోపగించుకోకు. అన్నం వేళకి తిను.

నీ ఆయన

—

ఏమండీ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద కోపం వచ్చింది. రెండోసారి అన్నయ్య మీద. మూడోసారి నా మీద నాకే వచ్చింది, మర్యాదకీ అలకకీ తేడా తెలియని దాన్ని ఇన్నేళ్ళు మీకు వండిపెట్టానా అని. మీరు పగ అనండి, కసి అనండి, మీ ఇష్టం. భోజనాల దగ్గర మీ ఇద్దరి మధ్యా కూచుని పప్పుగిన్నె అటూ ఇటూ అందించినదాన్ని నేను.

రావద్దులెండి. బలవంతపెట్టి రప్పిస్తే మీరు కుర్చీలో దేవుడి పటంలా కూచుంటారు.

ఒక్క సంగతి అడగాలని ఉంది. అన్నయ్య కొన్నాళ్ళుగా ఒక పని చేస్తున్నాడు. రెండు అరచేతులూ పైకి తిప్పి, ఒళ్ళో పెట్టుకుని, కొంచెం పైకి లేపుతాడు. కుడిచెయ్యి సరిగా లేవదు. అయినా లేపుతాడు. లేపి అలాగే ఉంచి గుమ్మం వైపు చూస్తాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అని కోడలు అగరొత్తులు వెలిగించింది. పొగకి దగ్గు వచ్చింది పాపం. మంచం మీంచి లేపమంటున్నాడేమోనని మేమిద్దరం పట్టుకుని లేపితే, విదిలించుకుని కొట్టినంత పని చేశాడు. డాక్టరమ్మ బొమ్మల కార్డులు ముందు పరిచింది. గొడుగు, తాళంచెవి, కప్పు, కుర్చీ. దేని వంకా చూడలేదు. మళ్ళీ అరచేతులు లేపాడు, మళ్ళీ గుమ్మం వైపు చూశాడు. నిన్న అలా చూస్తూ చూస్తూ ఏడ్చాడు. నేను పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య ఏడవగా చూడలేదు.

మీకేమైనా తెలిస్తే రాయండి. తెలియకపోతే కుళాయి బాగుచేయించుకోండి.

నేను

—

ఏమోయ్,

తెలుసు.

ఈ ఒక్క మాటా రాసి చాలాసేపు కలం పక్కన పెట్టాను. రాయకుండా ఉంటే ఎవరికీ తెలియదు. ఆ చేతులు ఏమంటున్నాయో తెలిసిన మనిషి ఈ లోకంలో నేనొక్కణ్ణే. పంతులమ్మ వాక్యానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు: బావ అడుగుతూనే ఉంటాడు, నేను ఇక్కడ కుళాయి వింటూ కూచుంటాను. మధ్యాహ్నమంతా అలాగే కూచుందామని చూశాను. కునుకు పట్టింది.

కలలో పెద్ద అద్దం మోస్తున్నాం. మన పాత రోజుల్లో బండి మీద పెడితే పగులుతుందని గోడంత అద్దాలు చేతుల మీదే తీసుకెళ్ళేవాళ్ళం కదా, అలా. వెల్లకిలా పట్టుకున్నాం. ఆయన ముందు, నేను వెనక. అద్దంలో ఆకాశం. తల దించుకుని నడుస్తున్నానేమో, నాకు మబ్బుల మీద నడుస్తున్నట్టుంది. మేడలు తలకిందులుగా వెళ్ళిపోతున్నాయి. ఒక పిట్ట నా కాళ్ళ కిందనుంచి ఎగిరింది. అటు చివర బావ ఏదో చెబుతున్నాడు. వినపడలేదు, కాని నడక తప్పలేదు. అద్దం అటూ ఇటూ పట్టుకున్నవాళ్ళకి అదే చాలు. ఒకడి అడుగు రెండోవాడి చేతికి తెలుస్తుంది.

మెలకువ వచ్చేసరికి నా రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి.

అది బల్ల దగ్గరి సైగోయ్. పూత పూర్తయింది, పలక లేపాలి, అవతలి అంచు పట్టుకో అని. గోడంత పలకని ఒక్కడు లేపలేడు. లేపబోతే నడుం దగ్గర విరుగుతుంది. ఒకడు చేతులు సిద్ధంగా పెట్టి, రెండోవాడు వచ్చేదాకా అలాగే చూస్తాడు. కొట్టులో ఎంతమంది ఉన్నా బావకి అవతలి అంచు నేనే పట్టాలి. ఆ మచ్చపడిన తర్వాత కూడా. ఆ తర్వాత మరీనూ. నోరు విప్పకన్నాడే గాని అంచు వదలమని ఏనాడూ అనలేదు. ఈ సంగతి నాకు ఇప్పుడు, నీకు రాస్తుంటే తోచింది.

ఆయన్ని లేపకండి. అగరొత్తులు వద్దు. నేను వస్తున్నాను. మాట్లాడతానని మాట ఇవ్వను. అలవాటు తప్పిన చోట నోరు తెరుచుకుంటుందో లేదో నాకే తెలియదు. నేను వచ్చాక నువ్వు ఇంటికి వెళ్ళి కాస్త నిద్రపో.

నీ ఆయన

—

ఏమోయ్,

నువ్వు బస్సెక్కి వెళ్ళిన దగ్గర్నుంచీ నీ కుర్చీలోనే ఉన్నాను. నీ శాలువా కూడా కప్పుకున్నాను. కోడలు చూసి, "అత్తయ్య వెళ్ళలేదా అనుకున్నాను మామయ్యా," అంది.

నేను వచ్చిన రోజు జరిగింది నువ్వు చూశావు గాని, అప్పుడు నువ్వు ఏడుస్తున్నావు కనక సరిగా చూసి ఉండవు. బావ చేతులు లేపి గుమ్మం వైపు చూస్తున్నాడు. నేను చెప్పులు విడిచి, తిన్నగా మంచం అవతలి చివరికి వెళ్ళి నా చేతులు కింద పెట్టాను. మా మధ్య ఏముంది, గాలి. ఆ గాలినే ఇద్దరం మెల్లగా లేపాం. ఆయన కుడివైపు వాలుతోంది, నేను ఎడం తగ్గించాను. తీసుకెళ్ళి కిటికీకి ఆనించాం. మంచం మీంచి ఆయనా, నేల మీంచి నేనూ. ఆనించాక బావ దానికేసి చూసి తల పంకించాడు. మచ్చ లేదన్నట్టుంది. కోడలు వంటింట్లోకి పరిగెత్తింది, ఇద్దరికీ మతి పోయిందనుకుని.

నువ్వు వెళ్ళాక చెప్పవలసిన సంగతులు వేరు. మొదటి రోజు నాకు మాట రాలేదు. డాక్టరమ్మ వచ్చి, "ఏమండీ, మీరు పెద్ద మాటకారులని విన్నాను," అంది. నేను కుర్చీలో కదిలాను. "పేషెంటు ఈయనా, మీరా?" అంది. బావ పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వే. సగం ముఖంతో నవ్వినా వెక్కిరింపు మాత్రం నిండుగా ఉంది. ఆ వెక్కిరింపు చూశాక నాకు నోరు దానంతట అదే తెరుచుకుంది.

ఇక ఆగలేదు. మన కుళాయి సంగతితో మొదలుపెట్టాను. కుళాయి నుంచి గ్రంథాలయం, గ్రంథాలయం నుంచి పంతులమ్మ, పంతులమ్మ నుంచి మేము మోసుకెళుతున్న అద్దంలో తనని తాను చూసుకుని, పోట్లాటకి వెంటపడి కొట్టుదాకా వచ్చిన కుక్క. ఆగడమే కష్టం. ఆయన నాలుక మాట కోసం తడుముకుంటుంటే మనం అందించకూడదట. అది డాక్టరమ్మ శాసనం. నా నోట్లో ఆ మాట తయారుగా ఉంటుంది, పెదవి దాకా వస్తుంది, మింగాలి. ఎదుటివాడి మాట కోసం ఆగడం నాకు ఈ వయసులో కొత్త విద్య. మధ్యాహ్నాలు కిటికీలోంచి ఎండ మంచం మీదికి జరుగుతుంది. అది ఆయన మోకాలి దగ్గరికి వచ్చేసరికి నేను ఒక ప్రశ్న అడిగితే, భుజం దాకా వెళ్ళినా జవాబు రాదు. "ఊ" అనేవాడు. "ఆ" అనేవాడు. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం నేను నాట్యం హాలు అద్దం కథ మొదలుపెట్టాను. దాపరికమెందుకు, ఆ కథ ఆయన మొహం మీద చెప్పాలని నేను ఎంతోకాలంగా సాధన చేస్తున్నాను. స్నానాల గదిలో చేశాను, నడుస్తూ చేశాను. ఏ మాట దగ్గర ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ సిద్ధం. ఎదురుచెప్పలేని స్థితిలో ఉన్నాడు. ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఇంతకన్నా నీచమైన అదను కూడా దొరకదు. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది ఆ రెండో సంగతి.

వెండి నీళ్ళు పోయడం చెప్పాను. పొగ కదలడం చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. గోడ పక్కన నిలబడి వినేటప్పుడు కూడా అలాగే మూసుకునేవాడు కాబోలు, నాకు కనపడలేదు. హాలు యజమాని వచ్చాడని చెప్పాను, మచ్చ చూశాడని చెప్పాను. ఇక నా మాట రావాలి, సాధన చేసిన మాట. ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. దెబ్బ ఎప్పుడు పడుతుందా అని చూసే చూపు. నా నాలుక పక్కకి తిరిగిపోయింది.

"పోనీలే బావా, అయిపోయింది. ఆ రోజు నేనే ఏదో వాగి ఉంటాను. ఆ మచ్చ నా నోటిదే," అన్నాను.

బావ ఎడమచెయ్యి పరుపు మీద కొట్టింది. నేను నీళ్ళు కావాలేమో అనుకుని లేవబోయాను. మళ్ళీ కొట్టింది. పెదవులు రెండూ దగ్గరికి వచ్చి విడిపోయాయి. "కా," అన్నాడు.

నేను కూచున్నాను. నా నోట్లో మాట తయారుగా ఉంది. మింగాను.

"కా..." మెడనరాలు తేలాయి. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఎండ దుప్పటి అంచు దాటి గోడ ఎక్కింది. "కాదు," అన్నాడు.

డాక్టరమ్మ నేర్పిన మాట కాదది. ఏ కార్డు మీదా లేదు.

"ఏది కాదు బావా?"

ఆయనకి చెమట పట్టింది. కోపంగా ఉన్నాడో, ఏడుస్తున్నాడో సగం ముఖంలో తేల్చుకోవడం కష్టం. చెయ్యి లేపి వేలు నా వైపు చూపించాడు. "ను," అన్నాడు. "నువ్వు." గదిలో నా ఊపిరీ ఆయన ఊపిరీ. "నువ్వు... కాదు."

ఏమోయ్, ఊరందర్నీ కూచోబెట్టి కథలు చెప్పేవాణ్ణి, నాకు మాట దొరకలేదు. ఆయన నా కోసం చూశాడు. డాక్టరమ్మ శాసనం ఆయనకి కూడా వర్తిస్తుంది కాబోలు, అందించలేదు, ఊరికే చూస్తూ ఉన్నాడు. చివరికి నేను చెయ్యగలిగింది, శాలువా కొంగుతో ఆయన నుదురు తుడవడం. నీ శాలువాయే. ఉతికి తెస్తాలే.

మరి ఎవరు, ఎందుకలా అన్నావు అని నేను అడగలేదు. అడిగితే ఆ జవాబుకి చాలా మాటలు కావాలి. ఆయన దగ్గర ఇప్పుడు రెండే ఉన్నాయి. ఆ రెండూ నాకే ఇచ్చాడు.

ఇవాళ పొద్దున నేను కుక్క కథ మళ్ళీ చెబుతూ, ఈసారి రెండు కుక్కలన్నాను. బావ నావైపు చూసి, "కాదు," అన్నాడు. ఒక వేలు చూపించాడు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా కథలో నా కుక్కలు ఎన్నుంటే ఆయనకెందుకు? అదే అన్నాను. ఆయన మళ్ళీ "కాదు" అన్నాడు. భోజనం దాకా తగువు పడ్డాం.

పంతులమ్మకి కబురు చెప్పు, నేను కొన్నాళ్ళు క్లాసుకి రానని. నువ్వు కూడా ఇప్పుడే రావద్దు. రోజుకి ఒకటో రెండో మాటలు వస్తున్నాయి, అన్నీ నన్ను తప్పు పట్టడానికే. మా తగువు అంతా తెమలాలంటే చాలాకాలం పడుతుంది. నాకు తొందర లేదు.

బావ పక్కన కూచుని,
నీ ఆయన